మామయ్య పెరటి మట్టం

జనవరి 6

మామయ్యకి నమస్కారాలు.

అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా? మీ చెవుల సంగతి మాత్రం అడగను. ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఎవరూ?" అని వీధంతా ఉలిక్కిపడేలా అరుస్తారు, ఇవతల నా చెవి కూడా పోతుంది. ఇంట్లో చెవుడు ఒక్కరికి చాలు. అందుకే ఉత్తరం.

మా రైల్వే స్టేషన్ ముందు కూడలిలో నీడగడియారం కట్టే పని నాకు దక్కింది! ఇన్నాళ్ళూ ఆఫీసులో మెట్లకీ మరుగుదొడ్లకీ ప్లాన్లు గీస్తూ కూర్చున్నాను. ఇది నాదని చూపించుకోగలిగే మొదటి పని. మున్సిపల్ ఇంజనీరు గారు ఎలక్ట్రిక్ గడియారం పెడదామన్నారు. "ఇంత ఎండ ఊరికే పోతోంది కదండీ" అన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, "టైము తప్పు చూపించిందో, నేనే దగ్గరుండి పీకిస్తా" అని కూడా అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ మాట మాటే.

బండిచక్రమంత కంచు పలక కావాలి. దాని మధ్య వాలుగా నిలబడే త్రికోణపు రేకు ఒకటి. దాన్ని నేను ముల్లు అంటున్నాను. ముల్లు అంచు నీడ ఏ గీత మీద పడితే అదీ సమయం. ముల్లు ఎంత వాలు ఉండాలో, గంటల గీతలు ఎక్కడ పడాలో అన్నీ లెక్కగట్టి డ్రాయింగ్ పంపుతున్నాను. మీరే పోతపొయ్యాలి. కంచు గంటలు పొయ్యడం మానేశారని తెలుసు, కానీ ఇది మోగదు మామయ్యా. దీనికి చెవులతో పనిలేదు. గీసింది గీసినట్టు పోసిస్తే చాలు.

కాదంటే రైలెక్కి వచ్చేస్తాను.

మీ మేనకోడలు

•

మార్చి 19

అమ్మడూ,

పలక రైలు పార్శిల్లో వేశాను. పెట్టె దింపేటప్పుడు నలుగురిని పట్టమను. నువ్వు చెయ్యి వెయ్యకు, వేస్తావని తెలుసు, అందుకే రాస్తున్నాను.

నేను గంటలు ఎందుకు మానేశానో నీకు సగమే తెలుసు. మోగించి చూడకుండా ఒక్క గంటని కూడా గడప దాటించలేదు నేను. ఎంత తొందరపెట్టినా సరే, కొట్టి, చెవి దగ్గర పెట్టి, చివరి రవ్వంత మోత ఆగేదాకా విని అప్పుడు ఇచ్చేవాణ్ణి. చెవులు పోయాక ఏం వింటాను? మీ అత్తయ్యని వినమంటే "బావుంది లెండి" అంటుంది. ఆవిడకి పళ్ళెం కింద పడ్డా బావుంటుంది. అందుకని కొలిమి ఆర్పేసి, పెద్దమనిషిలా కుర్చీలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాను.

నీ డ్రాయింగ్ రాగానే ముందు చెక్కతో నమూనా చేశాను. పెరట్లో నేల చదును చేసి, బుడగ ఉండే రసమట్టం పెట్టి చూశాను. దారానికి గుండు కట్టి వేలాడదీసి, దాని నీడ మరీ పొట్టిగా ఉన్న క్షణాన గడియారంలో పన్నెండు పెట్టుకున్నాను. ఇక కుర్చీ వేసుక్కూర్చున్నాను. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. "ఎండదెబ్బకి మతి పోయింది ఈయనకి" అంది మీ అత్తయ్య. మర్నాడు తనూ పీట తెచ్చుకుని పక్కన చేరింది.

అమ్మడూ, ఆ నీడ కదలడం కనిపించదే! రెప్ప వెయ్యకుండా చూశాను. కదలదు. ముక్కు గోక్కుని మళ్ళీ చూద్దును కదా, గీత దాటి ఉంది. ఇన్నేళ్ళు గంటలు పోశాను, నేను కొడితే అవి మోగాయి. దీన్ని ఎవరు కొడుతున్నట్టు? నేల తిరుగుతుందని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. మాష్టారు చెప్పారు కదా అని నమ్మాను, అంతే. నేను, నా కుర్చీ, ఆరిపోయిన కొలిమి, మీ అత్తయ్య, ఆవిడ పీట, అన్నీ కలిసి తిరుగుతుంటే మొన్న కళ్ళారా చూశాను. ఒళ్ళు జలదరించింది. మీ అత్తయ్య అయితే కాసేపు నా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పోత పోశాక కూడా కొన్నాళ్ళు పెరట్లో ఉంచి చూశాను. ఇప్పుడు వెంట్రుకవాసి తేడా లేదు. ధైర్యంగా పెట్టుకో. అంచు చుట్టూ చిన్న చిన్న గంట బొమ్మలు చెక్కాను. నా ముచ్చట కొద్దీ చెక్కాను, ఏమీ అనుకోకు.

మీ మామయ్య

•

మే 22

మామయ్యకీ అత్తయ్యకీ,

పెట్టేశాం! ఆ అంచు మీది గంటల్ని ఒక్కొక్కటే తడుముతూ పెట్టె పక్కనే కూర్చుండిపోయాను. కొలిచి చూడాలా అని మేస్త్రీ అడిగాడు. "మా మామయ్య చేతి పనికి మళ్ళీ కొలతేమిటి" అన్నాను.

నడుమెత్తు రాతి దిమ్మె కట్టించాం. మేస్త్రీ రసమట్టం నాలుగువైపులా పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే నడక నడవడు కదా, నీడ చూపించే సమయానికీ మన చేతిగడియారానికీ కాస్త తేడా వస్తూంటుంది. ఏ నెలలో ఎన్ని నిమిషాలు కలపాలో, ఎన్ని తియ్యాలో పక్కన ఇంకో రాతి మీద చెక్కించాను.

నిన్న మధ్యాహ్నం ప్రారంభం. పన్నెండు గీత చుట్టూ జనం గుమిగూడారు. ఇంజనీరు గారు గడియారం పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. నీడ సన్నగా, నల్లగా వచ్చి గీతలో కూర్చుంది. అటు అంచూ ఇటు అంచూ సరిగ్గా సరిపోయాయి. చంకలో పిల్లాడున్న ఒకావిడ "అమ్మో, వచ్చేసింది" అంది, దేవుడో చుట్టమో గుమ్మంలోకి వచ్చినట్టు. నాకు ఏడుపొచ్చింది. స్టేషన్ మాస్టరు గారైతే కాగితాలు వదిలేసి వచ్చి, తన స్టేషన్ గడియారం కంటే ఇదే నచ్చిందన్నారు.

మీరు ఉండాల్సింది.

గర్వంతో నేల మీద నిలవలేని
మీ మేనకోడలు

•

జూన్ 14

మామయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. గడియారం తప్పు చూపిస్తోంది.

మిట్టమధ్యాహ్నం బంగారంలా ఉంటుంది. పొద్దున చూస్తే ముందుకి పోతోంది, సాయంత్రం చూస్తే వెనకబడుతోంది. రాతి మీద చెక్కించిన నిమిషాలన్నీ కలిపి చూసినా సరిపోవడం లేదు. మొన్న సాయంత్రం బట్టల కొట్టు యజమాని నీడ చూసుకుని, ఇంకా టైముందని తాపీగా టీ తాగాడట. రైలు వెళ్ళిపోయింది. ఆయన నేరుగా స్టేషన్ మాస్టరు దగ్గరికెళ్ళి, "మీ వాకిట్లో అబద్ధాలకోరుని నిలబెట్టారేంటండీ" అని గొడవపెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కొట్టు మీదుగా వెళ్ళాలంటే తల కొట్టేసినట్టుగా ఉంది.

ఇంజనీరు గారు పిలిపించారు. తిట్టలేదు, తిట్టినా బావుండేది. వచ్చే నెలాఖరుదాకా గడువిచ్చారు. ఆలోగా సరిచెయ్యకపోతే దిమ్మెతో సహా తీసేసి ఎలక్ట్రిక్ గడియారం పెడతారు.

నా లెక్కలన్నీ మళ్ళీ చేశాను. తప్పు దొరకడం లేదు, దొరికితే ఊపిరి పీల్చుకుందును. ముల్లుకి కొలత పెడదామని ఒకరోజు కోణమానిని పట్టుకుని వెళ్ళాను. అంచు మీద మీ గంటలు కనిపించాయి. చెయ్యి రాలేదు, తిరిగొచ్చేశాను. కోపం తెచ్చుకోకుండా చెప్పండి. పోత చల్లారేటప్పుడు ఏమైనా వంగే వీలుందా? దార్లో దెబ్బ తిని ఉంటుందా?

దిగులుతో,
మీ మేనకోడలు

•

జూన్ 23

అమ్మడూ,

నా పోత వంగిందా అని అడుగుతావా! మీ తాతయ్య నాకు కొలిమి అప్పగించిన రోజు నుంచి ఇంతమాట నన్నెవరూ అనలేదు. రెండు రోజులు కలం పట్టుకోలేదు. మీ అత్తయ్య "చిన్నపిల్ల, భయపడి రాసింది, ముందు జవాబు రాయండి" అని పోరితే ఇప్పుడు రాస్తున్నాను.

వంగింది నా కంచు కాదు. ఒక సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వే చెప్పించావు.

నీ డ్రాయింగే తప్పు. చెక్క నమూనా పెరట్లో పెట్టినప్పుడు మొదటి రోజే తెలిసిపోయింది. మధ్యాహ్నం సరిగ్గా ఉంది. పొద్దున ముందుకి, సాయంత్రం వెనక్కి! పైగా ఈ వారం గీత మీద పడ్డ నీడ వచ్చే వారం అదే సమయానికి పక్కకి జరిగింది. ముల్లు మరీ నిటారుగా ఉందని అర్థమైంది. ఆ నమూనా పక్కన పడేసి, ముల్లు వాల్చడానికి వీలుగా ఇంకోటి చేశాను. రోజుకింత, రోజుకింత వాలుస్తూ పోయాను. వారాలు మారినా నీడ అదే చోట పడేదాకా వాల్చాను. అక్కడ పట్టుబడింది! ఆ వాలుకి తగ్గట్టు గంటల గీతలన్నీ గడియారం చూసి మళ్ళీ గీసుకుని, అప్పుడు పోత పోశాను.

నీకెందుకు చెప్పలేదంటావా? చిన్నప్పుడు నీ పలక మీద లెక్క తప్పుంటే, మాష్టారు చూసేలోగా వేలితో చెరిపి దిద్దేవాణ్ణి గుర్తుందా? ఇదీ అంతే అనుకున్నాను. పిల్ల నలుగురిలో పెద్దపని తలకెత్తుకుంది, చిన్నబోకూడదు అనుకున్నాను.

కాబట్టి నా పలకలో తప్పు లేదు, నీ లెక్కలో తప్పేదీ మిగల్లేదు. ఆ మేస్త్రీ దిమ్మెని వంకరగా కట్టి ఉంటాడు. వెళ్ళి వాణ్ణి పట్టుకో.

కోపం ఇంకా తగ్గని
మీ మామయ్య

•

జూలై 2

మామయ్యా,

మీ ఉత్తరం కూడలిలో ముల్లు పక్కన నిలబడి చదివాను. చదవడం అవగానే కోణమానిని తీసి ముల్లుకి ఆనించాను. ఆ తర్వాత నవ్వాను, పిచ్చిదానిలా, కళ్ళనీళ్ళు కారేదాకా. పక్కన పండ్లమ్మే ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

మీ పోత వంగలేదు. నా లెక్క తప్పలేదు. మేస్త్రీని పట్టుకోనక్కర్లేదు. దయచేసి ఒక గుమ్మడికాయ తెచ్చుకోండి. వేళాకోళం కాదు.

తొడిమ ఉన్న చోట ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమ నుంచి అడుగుదాకా కాయ నడిమధ్యగా పోయే గీతే భూమి ఇరుసు. దాని చుట్టూతానే కదా ఈ తిరగడమంతా. ఇప్పుడు కాయ పక్కన, నడుముకి కాస్త ఎగువగా మీ ఊరి కోసం ఒక అగ్గిపుల్ల తిన్నగా గుచ్చండి. దానికి సరిగ్గా ఎగువన, తొడిమ వైపు, మా ఊరికి ఇంకొకటి గుచ్చండి. ఏ పుల్లకా పుల్ల నిటారుగానే ఉంది. కానీ రెంటినీ కలిపి చూడండి, ఒకదాని దారి ఒకదానిది కాదు. మీ పెరట్లో మీరు నిటారుగానే నిలబడ్డారు, మా కూడలిలో నేనూ నిటారుగానే నిలబడ్డాను. అయినా మనిద్దరం వేరే వేరే వైపులకి వాలి ఉన్నాం. నేల గుండ్రం కదా మరి.

నీడగడియారం ముల్లు ఆ ఇరుసు పోయే వైపే చూడాలి. నిమిషం కూడా చూపు తిప్పకూడదు. అలా చూడాలంటే మీ ఊళ్ళో ముల్లు బాగా వాలాలి, మా ఊళ్ళో ఇంకొంచెం నిటారుగా ఉండాలి. నేను మా ఊరికి లెక్కగట్టాను. మీరు మీ ఊళ్ళో పెట్టి చూశారు.

ఊరు మారితే వాలు మారుతుందని డ్రాయింగ్ కింద ఒక్క ముక్క రాయాలని నాకు తోచనే లేదు. అది కాదు చెప్పాలనుకున్నది. మామయ్యా, మీరు నా తప్పు దిద్దాననుకున్నారు. మీరు చేసిందేమిటో తెలుసా? కుర్చీలో కూర్చుని, చెక్కముక్కని రోజుకింత వాలుస్తూ, భూమి ఇరుసు ఎటు ఉందో వెతికి పట్టుకున్నారు! మీ కోణం కొలిచి చూశాను, మీ ఊరికి పుస్తకం చెప్పేది అదే. భూమి గుండ్రంగా ఉండడం మీ పెరట్లో మీ కంటికి కనబడింది. అది మేనకోడలి తప్పు అనుకున్నారు, అంతే.

ఇంత సంతోషంలోనూ నెలాఖరు దగ్గరపడుతోంది. ఇంకో పలక పోసే వ్యవధి లేదు. ఇంజనీరు గారికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పీకేస్తే పీకనివ్వండి.

మీ మేనకోడలు

•

జూలై 11

అమ్మడూ,

గుమ్మడికాయ తెచ్చాను. పుల్లలు గుచ్చాను. కూర వండనివ్వలేదని మీ అత్తయ్య అలిగింది. తర్వాత తనూ కాయని అటూ ఇటూ తిప్పి, "అయితే పిల్ల మనకి ఏటవాలుగా నిలబడి ఉందా?" అంది. ఇన్నేళ్ళు బతికాం, ఇంత పెద్ద వింత మీద కాళ్ళు పెట్టుకుని తిరుగుతున్నామని తెలియకుండానే బతికాం.

నువ్వు నన్ను పొగిడి రాశావు. అది నా మనసు కష్టపెట్టకుండా ఉండడానికని నాకు తెలుసు. మోగించి చూడకుండా పంపను అనే గొప్ప ఒకటి నాకు. చూసింది నా పెరట్లో, మోగాల్సింది నీ ఊళ్ళో. గీసింది గీసినట్టు పొయ్యమని నువ్వు రాసిన మాట వినలేదు. నీ మొదటి పని నా చేతుల మీదుగా పాడైంది. ఈ చేతులకి ఇంక పని చెప్పకు.

ఆ పలకని వెనక్కి పంపెయ్. నా పెరట్లో తప్ప అది ఎక్కడా నిజం చెప్పదు.

మామయ్య

•

జూలై 28

మామయ్యా,

పంపను.

"నా పెరట్లో తప్ప అది ఎక్కడా నిజం చెప్పదు" అని రాశారే, ఆ వాక్యం పట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఆఫీసులో మెట్ల ప్లాను అడిగితే పెరటి ప్లాను గీసి ఇచ్చాను. నాలుగో రోజు స్నానం చేస్తూ చెంబు చేతిలోనే ఉండిపోయింది. పలకని మీ పెరటికి పంపడం దేనికి? మీ పెరటినే ఇక్కడికి తెస్తే పోలా?

మేస్త్రీని పిలిచి, పలక ఉత్తరపు అంచు పైకి లేపి కింద రాతి చీలిక వెయ్యమన్నాను. పలక దక్షిణానికి, అంటే మీ వైపుకి, వాలుగా దిగాలి. ఎంత లేపాలో లెక్కగట్టి ఇచ్చాను. మీ పుల్లకీ నా పుల్లకీ మధ్య ఎంత వాలు ఉందో అంత. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "మట్టంగా ఉన్నదాన్ని చేతులారా వంకర చెయ్యమంటారేంటమ్మా, నా పరువేం గానూ?" అన్నాడు. చీలిక వేశాక రసమట్టం పెట్టి చూపించాడు. బుడగ పరిగెత్తి ఒక కొసకి అతుక్కుపోయింది. "చూడండి, మీరే చూడండి" అన్నాడు.

"ఇది మట్టంగానే ఉంది మేస్త్రీ, మా మామయ్య పెరటికి" అన్నాను.

నిజం మామయ్యా. మీ ఊరు మాకు తిన్నగా దక్షిణాన ఉంది. ఈ పలకని ఇక్కణ్ణుంచి కదపకుండా, తిప్పకుండా, గాలిలో అలాగే జరుపుకుంటూ తెచ్చి మీ పెరట్లో దించారనుకోండి, మీరు చదును చేసిన ఆ నేల మీద అంచు కూడా లేవకుండా బల్లపరుపుగా కూర్చుంటుంది. ముల్లు ఇప్పుడు చూడాల్సిన వైపే చూస్తోంది. మీరు పట్టుకున్న చోటునే.

నిన్న పరీక్ష. పొద్దున్నే ఇంజనీరు గారు వచ్చారు, స్టేషన్ మాస్టరు గారు వచ్చారు, రైలు తప్పిపోయిన బట్టల కొట్టాయన తగువు పెట్టుకోవడానికి సిద్ధమై వచ్చాడు. పొద్దున రాతి మీది నిమిషాలు కలిపి చూశాం, సరిపోయింది. మధ్యాహ్నం ఎలాగూ సరిపోతుంది. సాయంత్రం రైలు వేళకి కూడలి నిండిపోయింది. నీడ గీత మీదకి రావడం, స్టేషన్ లోపల రైలు కూత వినపడడం ఒక్కసారే జరిగాయి. బట్టల కొట్టాయన పలక మీద వంగి, మీరు చెక్కిన ఒక బుల్లి గంటని వేలితో మీటి చూసి, వెళ్ళి రైలెక్కాడు.

ఇంజనీరు గారు మాత్రం పలక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇంత వంకరగా ఉంటే జనం అడగరా?" అన్నారు. మీ పెరటి కథంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే అదే రాయించండి" అన్నారు. గడియారం ఉంటుంది మామయ్యా! దిమ్మె మీద ఈ మాటలు చెక్కిస్తున్నాం: "ఈ పలక వంకరగా లేదు. దక్షిణాన ఒక పెరటి నేలకి సమంగా ఉంది. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఉన్నది భూమి గుండ్రదనం."

చేతులకి పని చెప్పొద్దని రాశారు. ఆ మాట నేను చదవలేదు.

మీ అమ్మడు

•

ఆగస్టు 6

అమ్మడూ,

నీ ఉత్తరం నేను ఒకసారి, మీ అత్తయ్య పైకి ఒకసారి చదివాం. ఆవిడ పెదాలు చూస్తూ నేను విన్నాను.

నీ డ్రాయింగ్ ప్రకారం చేసిన మొదటి చెక్క నమూనా అటక మీద పడేసి ఉంచాను. తప్పుడు నమూనా అని దాని మీద బొగ్గుతో పెద్ద ఇంటూ గుర్తు కూడా వేశాను. నిన్న దింపి, ఆ గుర్తు కడిగేశాను. పెరట్లో పెట్టి, నువ్వు చేసినదానికి తిరగేసి, దక్షిణపు అంచు కింద ఇటుకముక్కలు పెట్టాను. పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. నీ లెక్క నిక్షేపంలా ఉంది తల్లీ.

నేనెప్పుడూ వెళ్ళని ఊరి బడివాళ్ళు ఒక నీడగడియారం చేసిపెట్టమని వచ్చారు. కొలిమి మళ్ళీ వెలిగించాను. ఈసారి ధర కంటే ముందు "మీ ఊరు ఎటు వైపు, ఎంత దూరం?" అని వాళ్ళని అడిగాను. నేను బండికిరాయి లెక్క వేస్తున్నాననుకున్నారు.

సాయంత్రం నీడలు సాగిపోతున్నప్పుడు మీ అత్తయ్య వచ్చి ఆ చెక్కపలక వాలు మీద అరచెయ్యి ఆనించింది. "అయితే పిల్ల నిలబడ్డ నేల ఇలా ఉంటుందన్నమాట" అంది. అవునన్నాను. నేనూ పక్కన చెయ్యి పెట్టాను. ఎండకి వెచ్చగా ఉంది. ముల్లు నీడ మా ఇద్దరి చేతుల మీదుగా పోయేదాకా తీయలేదు.

మీ మామయ్య